చిన్నబండి ఫొటోల్లో మనవాళ్లేరీ?

పర్లాకిమిడి: ఆ రేకుపెట్టెలో నగల్లేవు, దస్తావేజులూ లేవు. ఉన్నవన్నీ ఫొటో నెగటివ్‌లు. పాత పోస్టు కవర్లలో వరసగా సర్ది, ఒక్కో కవరుపై పెన్సిల్‌తో తేదీ, వేళ, ఊరు రాసిపెట్టారు. కొన్నింటిపై ‘ఎండ ఎదురు’, ‘పొగ రాలేదు’, ‘రోలు దండగ’ అనీ ఉంది. తీసిందంతా ఒక్క బండినే. నౌపడాలో బయల్దేరి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వచ్చి, కాశీనగరం దాటి గుణుపురం చేరే చిన్నబండి అది. 2004 జూన్‌లో ఆగిపోయింది. పట్టాలు కూడా మిగల్లేదు. మిగిలినవి ఇలాంటి పెట్టెలే.

ఈ పెట్టె గలాయన పర్లాకిమిడిలో పిల్లలకు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు. వయసు డెబ్బై దాటింది. పత్రికలో పేరు రావడం ఆయనకు ఇష్టం లేదు. ‘‘నా పేరెందుకు? బండి పేరు రాయండి, చాలు’’ అంటారు. 1982లో మొదలుపెట్టి చివరి బండి దాకా ఇరవై రెండేళ్లు ఫొటోలు తీశారు. ఊళ్లో ఎవరికి చూపినా అబ్బో అంటారు. ఆయన మాత్రం ఒక్కో ఫొటో తీసి చూపిస్తూ తల అడ్డంగా ఊపుతారు. ‘‘బండిని తీశాను. బండిలో మనుషుల్ని తీయలేదు. అదే తప్పయిపోయింది.’’

రాజుగారి రైలు

ఈ లైను పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి వేయించింది. మద్రాసు-కలకత్తా పెద్దలైను నౌపడా మీదుగా పోతుంటే తన పట్నం దానికి ఎడంగా ఉండిపోవడం ఆయనకు నచ్చలేదు. ఏడు లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టి నౌపడా నుంచి పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్ల లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. మొదట్లో నష్టాలు వచ్చినా తర్వాత లైను కుదురుకుంది. కృష్ణచంద్ర గజపతి హయాంలో 1929-31 మధ్య దీన్ని గుణుపురం దాకా పొడిగించారు. దాంతో మొత్తం 90 కిలోమీటర్లయింది.

లైను వేసేనాటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి, గుణుపురం అటు పోయాయి. పాతపట్నం, టెక్కలి ఇటు ఉండిపోయాయి. పర్లాకిమిడిలో ఉండి వ్యావహారిక తెలుగు కోసం, సవర భాష కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి ఊరు విడిచి రాజమండ్రి చేరిందీ ఆ ఏడాదే. ఇళ్ల మధ్య గీత పడినా బండి ఆగలేదు. పాతపట్నంలో తెలుగు బోర్డు, తర్వాత వచ్చే పర్లాకిమిడిలో ఒడియా బోర్డు. టికెట్ మాత్రం ఒక్కటే. ఆడపిల్లను ఇటిచ్చినవాళ్లు, అటునుంచి కోడల్ని తెచ్చుకున్నవాళ్లు, సంతకు పోయేవాళ్లు, కోర్టుకు వచ్చేవాళ్లు... అందరికీ ఆ బండే దారి.

1992 దాకా ఆవిరి ఇంజన్లు లాగాయి. ఆ తర్వాత జెడ్‌డీఎం-5 రకం డీజిల్ ఇంజన్లు వచ్చాయి. పెద్దలైనుగా మార్చే పనికి 2002లో శంకుస్థాపన జరిగింది. 2004లో చిన్నబండి ఆగింది. 2011లో గుణుపురం దాకా పెద్దబండి వచ్చింది.

ఎండను బట్టి సైకిలు

మాస్టారి మొదటి కెమెరా ఆగ్ఫా క్లిక్-3. రోలుకు పన్నెండే బొమ్మలు. ఊటీలో తయారయ్యే ‘ఇందు’ ఫిల్ము వేసేవారు. జీతం అందిన వారంలో ఒక రోలు కొనడం, నెలంతా దాన్ని పొదుపుగా వాడుకోవడం అలవాటు. రోలు కడిగించినా అన్నీ ప్రింటు వేయించే స్తోమత లేదు. నెగటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసి, బాగుందనిపించిన ఒకటో రెండో వేయించేవారు. మిగతావన్నీ కవర్లలోకి వెళ్లేవి.

బండి ఫొటో అంటే కెమెరా నొక్కడమే కాదంటారు ఆయన. పొద్దున గుణుపురం వైపు నుంచి దిగే బండికి ఎండ ముఖాన పడుతుంది. అదే వేళ నౌపడా నుంచి పైకొచ్చే బండికి వీపున పడుతుంది. అందుకే పొద్దున దిగే బండినే పట్టుకోవాలి. ఇంజను ముఖమూ, పక్కా రెండూ కనపడేలా వంపు దగ్గర నిలబడాలి. బండి మనకు ఎదురుగా వస్తే కెమెరా కాస్త నిదానంగా పనిచేసినా సరిపోతుంది. అడ్డంగా పోయే బండిని అలాగే తీస్తే బొమ్మ చెదిరిపోతుంది. క్లిక్-3లో వేగం మార్చుకునే వీలు లేదు. అందువల్ల ఆయన బండి స్టేషను వదిలి వేగం అందుకోకముందే తీసేవారు.

ఆవిరి ఇంజనుతో ఇంకో తంటా. ఇంజను నల్లన, ఆవిరి తెల్లన. ఒకటి సరిగా పడితే రెండోది పాడవుతుంది. చలికాలం పొద్దుటిపూట ఆవిరి తొందరగా చల్లబడి దట్టంగా కనిపిస్తుంది. వేసవి మధ్యాహ్నం అదే ఇంజనుకు ఆవిరి ఉన్నట్టే తెలియదు. అందుకే సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లారకముందే సైకిలు తీసేవారు. నౌపడా వైపు ఉప్పు మళ్లు, పర్లాకిమిడి దగ్గర మహేంద్రగిరి కొండల వరస, గుణుపురం దిక్కున వంశధార... ఏ చోటికి ఏ వేళకు ఎండ వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు.

ఊరివాళ్లకు ఇదంతా వింతగా ఉండేది. ‘‘ఏటి మాస్టారూ, బండి బొమ్మలు తీస్తన్నారు? మేం మనుషులం కామేటి?’’ అని ఆటపట్టించేవారు. ఆవిరి ఇంజన్ల కోసం దూరదేశాల నుంచి కెమెరాలు తగిలించుకుని వచ్చినవాళ్లను చూశాక గానీ ఇందులో ఏదో ఉందని ఊరు నమ్మలేదు.

‘జరుగు, బండికి అడ్డు’

ఆటపట్టించినవాళ్ల మాటలోనే అసలు సంగతి ఉందని మాస్టారికి చాలా కాలానికి గానీ తెలియలేదు.

బండ్ల ఫొటోలు తీసేవారిలో చాలామందికి ఒక పట్టింపు ఉంటుంది. ఫొటోలో బండి నిండుగా, శుభ్రంగా పడాలి. ఇంజనుకు అడ్డంగా మనిషి, మేక, సైకిలు ఏదీ ఉండకూడదు. మాస్టారిదీ అదే పట్టింపు. ప్లాట్‌ఫాంపై ఎవరైనా నిలబడి ఉంటే జరగమనేవారు. జరగకపోతే రోలు పాడుచేసుకోవడం ఎందుకని ఆగిపోయేవారు. గేటు దగ్గర పచ్చజెండా పట్టుకునే గ్యాంగ్‌మన్‌ను అయితే చేత్తోనే పక్కకు తోసేవారు. ‘‘నవ్వుతూ జరిగేవాడు పాపం. ‘మీ బొమ్మకు నానెందుకులెండి’ అనేవాడు’’ అని గుర్తుచేసుకుంటారు.

ఆ గ్యాంగ్‌మన్ కాలం చేసి చాలా ఏళ్లయింది. కొన్నాళ్ల కిందట ఆయన కూతురు టెంబూరు నుంచి మాస్టారింటికి వచ్చింది. కూడా మనవడున్నాడు. తాతది ఫొటో ఒక్కటీ ఇంట్లో లేదు. పెళ్లిలో తీయించినది వరదల్లో పోయిందట. మాస్టారు బండి ఫొటోలు తీసేవారని ఎవరో చెబితే, వాటిలో ఎక్కడైనా అయ్య ఉంటాడేమోనని ఆశపడి వచ్చింది.

మాస్టారు, మనవడు కలిసి పెట్టంతా దించారు. ఒక పూటంతా కవర్లు విప్పారు. ఇంజను ఉంది. పెట్టెలున్నాయి. గేటుంది. గేటు పక్కన చింతచెట్టుంది. మనిషి లేడు. ఏ ఫొటో తీసినప్పుడు ఆయన ఎటు జరిగాడో మాస్టారికి గుర్తే. ‘ఇదిగో, ఈ చెట్టు వెనక ఉన్నాడు’ అని వేలు పెట్టి చూపించడం తప్ప ఏమీ చేయలేకపోయారు. చివరికి ఒక నెగటివ్‌లో, కుడివైపు అంచున, మోచేతి దాకా ఒక చెయ్యి కనిపించింది. చేతిలో జెండా, మణికట్టుకు కడియం.

ఆమె దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. ‘‘ఇది మా అయ్య చెయ్యే బాబూ. ఆ కడియం నానెరుగుదును’’ అంది. ఆ చేతినే పెద్దది చేయించి పటం కట్టించుకుంది. పటంలో ఇంజను ముక్క ఒకటి ఎడమ పక్కన ఉంది గానీ, ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చూడరని మాస్టారు చెబుతారు.

ఆ తర్వాత ఆయన పెట్టెను మళ్లీ మొదటినుంచీ చూశారు. ఈసారి బండిని వదిలేసి అంచుల్లో వెతికారు. కిటికీలో ఒక తలపాగా, మెట్టుపై ఒక పాదం, నీళ్ల బిందె మోస్తున్న ఆమె వీపు, టీ కెటిల్ పట్టుకున్న కుర్రాడి సగం ముఖం. ‘పనికిరావు’ అని తాను పక్కన పెట్టిన నెగటివ్‌లలోనే మనుషులు ఎక్కువ ఉన్నారు. వాటిలో సగం తేమకు బూజు పట్టాయి. మిగిలినవాటిని మనవరాలి చేత స్కాన్ చేయిస్తున్నారు. తెలిసిన ముఖం కనపడితే పేరు రాస్తున్నారు. తెలియకపోతే పాత రైల్వే ఉద్యోగుల ఇళ్లకు తీసుకెళ్లి అడుగుతున్నారు.

ఒక్క పర్లాకిమిడేనా?

సరిహద్దు దాటి స్థిరపడిన తెలుగువారికి ఎక్కడికక్కడ ఇలాంటి బండి ఒకటుంది. మద్రాసులో 1895 మే 7న మొదలైన ఎలక్ట్రిక్ ట్రాం 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. దాన్ని ఎక్కిన తెలుగు పెద్దలు ఇప్పుడు చాలా తక్కువ మంది. బొంబాయి ట్రాం 1964 మార్చి 31న చివరిసారి నడిచింది. అదే ముంబయిలో పాత డీజిల్ డబుల్ డెక్కర్ బస్సు 2023 సెప్టెంబరు 15న ఆఖరి ట్రిప్పు వేసింది. ఆ రోజు కెమెరాలు, ఫోన్లు పట్టుకుని జనం కూడారు. బళ్లారి వైపు మీటరు గేజి బండ్లు 1990ల్లో మాయమయ్యాయి.

ఆఖరి రోజున ఫొటో తీయడానికి అందరూ వస్తారు. అంతకుముందు వేల రోజులు ఆ బండి మామూలుగా నడిచిందే, ఆ మామూలు రోజుల ఫొటోలే దొరకవు. మాస్టారి మాటల్లో చెప్పాలంటే ‘‘పోయేటప్పుడు అందరూ తీస్తారు. ఉన్నప్పుడు తీసినవాడిదే ఫొటో.’’

ఇప్పుడు నడుస్తున్నవీ ఎల్లకాలం ఉండవు. ఒడిశాలో పెద్దలైను మొత్తానికీ 2023 నాటికి కరెంటు తీగలు వచ్చేశాయి. పర్లాకిమిడిలో డీజిల్ ఇంజను కూత రోజూ విన్న పిల్లలే ఇప్పుడు అది ఎప్పుడు తగ్గిందో చెప్పలేరు. ఇంట్లో ఎవరి ఫోన్లోనైనా దాని ఫొటో ఉందో లేదో ఇవాళే చూసుకోవాలి.

తీసేవారు ఇవి గుర్తుంచుకోండి

* పట్టాలపైకి వెళ్లొద్దు. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి చొరబడితే రైల్వే చట్టం 147 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రాణం పోతే దానికి లెక్క లేదు.

* పైనున్న తీగల్లో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. సెల్ఫీ కర్ర, గొడుగు, ట్రైపాడ్ పైకెత్తొద్దు. బోగీలు, స్తంభాలు ఎక్కొద్దు.

* స్టేషన్లో సిబ్బందిని ముందు అడగండి. సినిమా, ప్రకటనల వంటి వ్యాపార చిత్రీకరణకు ముందస్తు అనుమతి తప్పనిసరి.

* ఫొటో తీసిన రోజే తేదీ, ఊరు, బండి నంబరు, కనిపించే మనుషుల పేర్లు రాసిపెట్టండి. మనుషుల్ని తీసేముందు వారినీ అడగండి.

* పాత నెగటివ్‌లు తేమ తగలని చోట ఉంచండి. పుల్లటి వాసన వస్తుంటే అవి పాడవుతున్నట్టే. ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించండి.

ఇప్పుడు జరగమనరు

మాస్టారు ఇప్పటికీ సాయంత్రాలు స్టేషన్‌కు వెళ్తారు. విశాఖ నుంచి, పూరీ నుంచి గుణుపురం పోయే బండ్లు ఈ లైనులోనే వెళ్తాయి. క్లిక్-3 బీరువాలో ఉంది. చేతిలో మనవరాలు కొనిచ్చిన ఫోను ఉంది. ఆయన్ను చూసి ఇద్దరు ముగ్గురు కాలేజీ కుర్రాళ్లూ ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. ‘‘తాతగారూ, అతను అడ్డొస్తున్నాడండీ’’ అంటే ‘‘రానీ బాబూ, వాడి ఊరే కదా’’ అంటారు.

గేటు దగ్గర ఉద్యోగులకు కెమెరా కనిపిస్తే పక్కకు తప్పుకోవడం అలవాటు. మొన్న ఒకతను అలాగే జెండా పట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరగబోయాడు. మాస్టారు గట్టిగా కేకేశారు... ‘‘అక్కడే ఉండు నాయనా. పేరేంటి నీది?’’