పాత కట్టడములో కొత్త కాపురము

చారిత్రక కట్టడమనగానే మనకు గుడిగోపురమో, కోటబురుజో స్ఫురించును. కాంక్రీటుతో కట్టిన వాటాల భవనము కూడ చరిత్రలో చోటు సంపాదించుకొనగలదని వెంటనే తోచదు. ఫ్రాన్సులోని మార్సేల్స్ నగరమున 1947లో ప్రారంభమై 1952లో పూర్తియైన 'యూనితే దబితాసియో' అట్టి భవనము. దీనిని రూపొందించిన లె కార్బూజియేయే మన చండీగఢ్ నగరమునకును రూపకల్పన చేసెను. 2016లో యునెస్కో ఆయన కట్టడములు పదునేడింటిని ప్రపంచ వారసత్వముగా గుర్తించినపుడు, చండీగఢ్‌లోని క్యాపిటల్ భవన సముదాయముతోపాటు ఇదియు ఆ పట్టికలో చేరినది.

ఇందులో 337 వాటాలు కలవు. సాధారణముగా ఒక్కొక్కటి రెండంతస్తులది. వెడల్పు మాత్రము 3.66 మీటర్లే. పైకప్పు ఎత్తు 2.26 మీటర్లు, అది చేయి పైకెత్తి నిలిచిన మనిషి కొలత. పిల్లల గదులు రెంటి నడుమ జరుపుడు తలుపు కలదు; అదే వారికి నల్లబల్ల. వంటగది రూపకల్పనలో షార్లొత్ పెరియాండ్ పాలుపంచుకొనెను.

చిన్నపిల్లలు గల దంపతులు నేడు ఇట్టి వాటాను బాగుచేయించుకొనదలచిన, మొదట సుత్తి పట్టరాదు, కొలతబద్ద పట్టవలెను. ఏది తొలినాటిదో, ఏది తరువాత చేర్చినదో గుర్తించి ఫొటోలు తీయించి, అవసరమైన అనుమతులు పొందవలెను. పిదప పాతరంగులలో సీసము, నేలపలకలలోను వాటి జిగురులోను ఆస్బెస్టాసు కలవేమో పరీక్షింపవలెను. సీసపు ధూళి పెద్దలకంటె పసివారికి ఎక్కువ హాని చేయును.

ఆ వాటాలు అరలో సీసాలవలె కాంక్రీటు చట్రమున అమర్చబడినవి. చప్పుడు ప్రక్కింటికి ప్రాకకుండుటకు వాటి క్రింద సీసపు దిండ్లు వేసిరి. కనుక గోడలు తొలచుట, నేలపై బరువైన పలకలు పరచుట ప్రక్కవారి నిద్రకును చేటు.

చేర్చునది ఏదైనను మరల మచ్చలేకుండ తీయవచ్చునట్లు ఉండవలెను. మెట్లసందులలో పసివాడు జారకుండ వల కట్టవచ్చును. అందుకై మెట్లకు రంధ్రములు పొడువనక్కరలేదు. రిఫ్రిజిరేటరు పట్టలేదని పాత వంటబల్ల ఊడబెరుకుటకంటె, చిన్నదానిని ఎన్నుకొనుట మేలు.

కొందరు ఇట్టి వాటాలను బొమ్మలకొలువువలె చూచుకొందురు. కాని ఆ భవనము యుద్ధములో ఇండ్లు కోల్పోయిన కుటుంబములకై తలపెట్టినది. దాని కప్పుమీద శిశువిద్యాలయమును కట్టిరి. పిల్లల కాపురమునకు తగినట్లు దానిని కాపాడుటయే దాని తొలి ఉద్దేశమును కాపాడుట.