మందు కొట్టే మనిషి క్షేమం: అపోహలు – వాస్తవాలు

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి పురుగుమందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న జిల్లా అది. ఆ చేలూ మన చేలలాంటివే, అక్కడి అపోహలూ మనవే.

అపోహ: మందు నోట్లోకి పోకపోతే ఏమీ కాదు.
వాస్తవం: పిచికారీ చేసే మనిషి ఒంట్లోకి విషం ఎక్కువగా చర్మం నుంచే చేరుతుంది. పంపు కారి వీపు తడిసినా, ఏపుగా పెరిగిన పత్తిలో తుంపర ముఖాన పడినా ప్రమాదమే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు మందును ఆపదు. తడిస్తే విషాన్ని ముఖానికే అంటిపెట్టి ఉంచుతుంది. నిండు చేతుల చొక్కా, రబ్బరు గ్లౌజులు, బూట్లు, కళ్లద్దాలు, సరైన మాస్కు కావాలి. గాలికి ఎదురుగా కొట్టకూడదు.

అపోహ: ఏళ్ల తరబడి కొడుతున్నా, ఒంటికి అలవాటైపోయింది.
వాస్తవం: మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాలకు అవసరమైన ఒక ఎంజైమును దెబ్బతీస్తాయి. అది కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. ఈలోపు మళ్లీ మళ్లీ కొడితే ముప్పు తగ్గదు, పెరుగుతుంది.

అపోహ: డబ్బా మీద ఆకుపచ్చ గుర్తుంటే భయం లేదు.
వాస్తవం: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు విష తీవ్రత ఎక్కువ నుంచి తక్కువకు ఉన్న వరస. ఆకుపచ్చ గుర్తున్నదీ విషమే. జాగ్రత్తలు దానికీ తప్పవు.

అపోహ: మోతాదు పెంచినా, రెండు మూడు మందులు కలిపినా పురుగు త్వరగా చస్తుంది.
వాస్తవం: పురుగుకు తట్టుకునే శక్తి పెరుగుతుంది, దాన్ని తినే సాలీళ్లు, అక్షింతల పురుగులు చస్తాయి. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు సింథటిక్ పైరెత్రాయిడ్లను విపరీతంగా కొట్టాక తెల్లదోమ విరుచుకుపడింది. పైగా తోచినట్టు కలిపిన మందులతో ప్రాణం మీదికొస్తే, దేనికి విరుగుడు ఇవ్వాలో తేల్చుకోవడం డాక్టరుకూ కష్టమే.

అపోహ: కళ్లు తిరిగితే పాలో మజ్జిగో తాగించి పడుకోబెడితే చాలు.
వాస్తవం: ఆ ఆలస్యమే ప్రాణం తీయవచ్చు. వెంటనే చేను దాటించి, తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయాలి. వాంతి చేయించకూడదు. మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందులో ఏముందో తెలిస్తేనే సరైన విరుగుడు అందుతుంది.

మందుకు పెట్టే డబ్బును పెట్టుబడిలో రాసుకుంటున్నాం. గ్లౌజులు, మాస్కుల ఖర్చూ అందులోనే రాయాలి. కూలికి వచ్చి కొట్టే మనిషికి అవి ఇవ్వడం చేను యజమాని బాధ్యత. అవి లేని రోజు పంపు భుజాన వేయకండి, ఎవరి చేతా వేయించకండి.