కంపవాతమునకు మెదడు శస్త్రచికిత్స: మెలకువలోనా, మత్తులోనా?

చేయి ఊరకున్నప్పుడే వణకుట, అడుగు కుఱుచయగుట, బొత్తాము పెట్టుకొనుట కష్టమగుట, ఇవి పార్కిన్‌సన్ వ్యాధి లక్షణములు. మన వైద్యులు దీనిని కంపవాతమందురు. మెదడులో డోపమిను అను ద్రవ్యమును పుట్టించు కణములు క్రమముగా నశించుటచే ఇది కలుగును. లీవోడోపా మాత్రలు ఆ కొఱతను తీర్చును. (మన కంచెలపై ప్రాకు దూలగొండి గింజలందును ఈ పదార్థము కలదు, అయినను మోతాదు తెలియక తినరాదు.) కొన్ని యేండ్లకు మాత్ర బలము త్వరలోనే దిగిపోవుటయు, శరీరము మెలికలు తిరుగుటయు కొందఱికి సంభవించును. శస్త్రచికిత్స ముఖ్యముగా అట్టివారికే.

1987లో ఫ్రాన్సు దేశమున గ్రెనోబులు పట్టణమందు బెనబిడ్ అను వైద్యుడు నేటి పద్ధతికి దారిచూపెను. పుఱ్ఱెకు చిన్న రంధ్రముచేసి, సన్నని తీగను మెదడు లోతున చిక్కుడు గింజయంతటి కేంద్రమునకు చేర్చి, ఎదచర్మము క్రింద నమర్చిన బ్యాటరీనుండి విద్యుత్తు పంపుదురు. రోగము మూలముతో పోదు. వణకు, బిగువు తగ్గును.

మెలకువ పద్ధతిలో తలచర్మమునకు మాత్రమే తిమ్మిరిమందు నిత్తురు. మెదడునకు నొప్పి తెలియదు. తీగలో విద్యుత్తు విడిచి, చేయి చాపుమనియు మాటలాడుమనియు అడుగుదురు. నీరు విడిచి, చివరి మడి తడిసెనా యని చూచి కాలువను సరిచేసినట్లు, వణకు తగ్గుటయు, మాట తడబడుటయు అప్పుడే తెలియును. కాని ముందురాత్రినుండి మాత్రలు మానవలెను. తలను చట్రమున బిగించుకొని గంటలకొలది పరుండవలెను. ముదుసలికి ఇది సామాన్య కష్టము గాదు. రోగి బదులు చెప్పవలసియుండును గావున, అతని భాష నెఱిగినవారు దగ్గఱ నుండుట మేలు.

మత్తు పద్ధతిలో రోగికి ఏమియు తెలియదు. వైద్యులు ఎం.ఆర్.ఐ., సి.టి. చిత్రములతో తీగ చోటు సరిచూతురు. నిదానముగా పరుండలేనివారికిని, మిక్కిలి భయపడువారికిని ఇదియే తగును. ఊపిరితిత్తులు, గుండె బలహీనమైనవారికి పూర్తిమత్తే అపాయకరము కావచ్చును.

ఏది మేలు? ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 110 మంది రోగులను రెండు తెగలుగా చేసి పరీక్షించి, 2021లో ఫలితము ప్రకటించిరి. ఆరునెలల పిమ్మట చూడగా, మనస్సుపై కలిగిన చెడుఫలితములందు గాని, కదలికల మెఱుగునందు గాని చెప్పదగిన భేదము కానరాలేదు. మత్తులో పని కొంత త్వరగా ముగిసెను. రోగికి శ్రమ తగ్గెను. నా మతమున, పద్ధతికంటె ఆ వైద్యబృందమునకు చేయి తిరిగిన పని యేదో విచారించుట ముఖ్యము. రక్తస్రావము, చీము అను అపాయములు రెంటియందును కలవు.

మనవారికి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయు, చిత్తూరు ప్రక్కనే వేలూరును కలవు. వేలూరిలో 1949లోనే డాక్టరు జేకబ్ చాందీ మెదడు శస్త్రచికిత్సా శాఖను నెలకొల్పెను. మొదట నరముల వైద్యుని చూడుడు. పోవునప్పుడు, మాత్ర వేసుకొను వేళయు, వణకు మరల వచ్చు వేళయు వారముదినములు వ్రాసిన కాగితమును వెంట గొనిపొండు.