చేపల తొట్టికి ఎరువు: తూకం తప్పితే ప్రాణం పోతుంది

అత్తిమంజేరిపేటలో మగ్గం చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి నేను. పని మానుకున్నాక మనవడితో కలిసి 60 లీటర్ల గాజు తొట్టిలో చేపలూ నీటిమొక్కలూ పెట్టినాము. ఆకులు పసుపు తిరిగితే చేనికి చల్లినట్టు ఒక చెంచా యూరియా వేసేస్తిని. అది నీళ్ళలో అమ్మోనియా అయ్యింది. మూడో దినానికి చేపలన్నీ తేలినాయి. మనవడు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా లెక్క ఇది. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో 13-0-45 అని ముద్ర ఉండే పొటాషియం నైట్రేట్ 30 గ్రాములు కరిగించాలి. ఇంకో సీసాలో అర లీటరుకే 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, 3 గ్రాములు. వారానికొకసారి ఒక్కో దానిలో 10 మి.లీ. చాలు. తొట్టిలో లీటరు నీళ్ళకు నైట్రేట్ 6 మిల్లీగ్రాములు చేరుతుంది.

ఇనుము మందు వేరే సీసా, వేరే దినం. ఫాస్ఫేట్‌తో కలిస్తే గడ్డకట్టి అడుక్కు దిగిపోతుంది, మొక్కకు అందదు.

మందు పోసే ముందు ప్రతి వారం సగం నీళ్ళు మార్చండి. అట్లయితే మొక్క ఏమీ తినకపోయినా రెండు మోతాదులకు మించి మందు పేరుకోదు.

నూలుకు రంగేసేటప్పుడు తూకం లేకుండా వేస్తామా? ఇదీ అంతే. ఇప్పుడు సిరంజి మనవడే పట్టుకుంటాడు, పక్కన నిలబడి నేను చూస్తాను.