పై బీపీ ఒక్కటే ఎక్కువుంటే

డెబ్భై ఏళ్ల మనిషికి బీపీ చూస్తే 168/74 వచ్చిందనుకుందాం. పై అంకె (సిస్టోలిక్: గుండె రక్తాన్ని నెట్టినప్పటి ఒత్తిడి) ఎక్కువుంది. కింది అంకె (డయాస్టోలిక్: గుండె వదులైనప్పటి ఒత్తిడి) బాగానే ఉంది. "ఈ వయసులో ఆమాత్రం ఉంటుందిలే" అని ఇంట్లో సర్దిచెప్పుకుంటారు.

కానీ ఇక్కడ కింది అంకె తక్కువుండటం కూడా అదే జబ్బుకు గుర్తు కావచ్చు. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని పడుచు వయసులో బాగా సాగుతుంది. గుండె రక్తాన్ని నెట్టగానే ఉబ్బి, కొంత తనలో నిలుపుకుంటుంది. గుండె వదులైనప్పుడు ముడుచుకుని, దాన్ని ముందుకు పంపుతుంది. వయసుతో ఆ గోడ బిరుసెక్కుతుంది. ఉబ్బలేదు కాబట్టి పై అంకె పెరుగుతుంది. నిలుపుకున్న రక్తం తక్కువ కాబట్టి కింది అంకె పడిపోతుంది.

మరి ఆ పై అంకెను తగ్గించాలా? తగ్గించాలనే 1991లో వెలువడిన షెప్ అనే అమెరికా అధ్యయనం తేల్చింది. అరవై దాటి, పై బీపీ మాత్రమే ఎక్కువున్నవారికి క్లోర్‌థాలిడోన్ (మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపే మాత్ర)తో మొదలుపెట్టి చికిత్స చేస్తే, పక్షవాతం మూడో వంతుకు పైగా తగ్గింది.

అయితే తొందర పనికిరాదు. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది గుండె వదులైన క్షణాల్లోనే. మాత్రలు రెండు అంకెలనూ దించుతాయి కాబట్టి, కింది అంకె మరీ పడితే గుండెకే రక్తం చాలకపోవచ్చు. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, వారాల మీద పెంచుతారు. చాలామందికి మొదటి గమ్యం 140 లోపు. తట్టుకోగలిగితే 130 లోపు. బాగా నీరసించిన పెద్దవారికి ఆ గీత ఎక్కడ గీయాలో డాక్టరే చెప్పాలి.

నిలబెట్టి బీపీ చూడటం చాలాచోట్ల మరచిపోతారు. కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడితే డాక్టరుకు చెప్పాలి. రాత్రి బాత్రూముకు లేచి, కళ్లు తిరిగి పడి, తుంటి విరగ్గొట్టుకునేవారిలో ఇలాంటివారూ ఉంటారు.

ఇంట్లో చూసుకునేటప్పుడు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. మూత్రం ఆపుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చెంచాడు దాటకూడదు. ఆవకాయ, అప్పడం, మజ్జిగలో వేసేది అన్నీ ఆ లెక్కలోవే. సోడియం తక్కువుండే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, కొన్నిరకాల బీపీ మందులు వాడేవారు అడగకుండా దాని జోలికి పోకూడదు. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్ కూడా బీపీని పెంచగలదు.

అంకె 180 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టుతప్పడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంకె అంత లేకున్నా ఈ లక్షణాలకు ఆగకూడదు. ఏ లక్షణమూ లేకపోతే ప్రశాంతంగా కూర్చుని మళ్లీ చూసుకుని, అప్పటికీ తగ్గకుంటే ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. బీపీ దిగాలని నిఫెడిపిన్ గొట్టం మాత్రను నాలుక కింద పిండే అలవాటు ప్రమాదం. ఒత్తిడి ఒక్కసారిగా కూలితే మెదడుకు, గుండెకు రక్తం చాలదు.

నీరు లాగే మాత్ర వాడేవారు మే నెల ఎండల్లోనూ, విరేచనాలు పట్టుకున్నప్పుడూ కాస్త కనిపెట్టుకుని ఉండాలి. ఒంట్లో నీరు తగ్గితే పాత మోతాదే ఎక్కువైపోవచ్చు. అప్పుడు సొంతంగా మానేయకుండా, డాక్టరుకు ఫోన్ చేసి మోతాదు అడగాలి.