గర్భిణికి బీపీ వస్తే, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి వస్తే

"ప్రభుత్వాసుపత్రిలో కాన్పు ఉచితం, మందులు ఉచితం, 108 బండి కూడా ఉచితమే. మరి గర్భిణుల సహాయ నిధికి మీరు విరాళాలు ఎందుకు అడుగుతున్నారు?" దాతలైన సోదరులు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. అడగవలసిన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే ముందు ఒక జబ్బు గురించి కొంత వివరంగా మాట్లాడుకోవాలి.

గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు మళ్ళీ మళ్ళీ చూసినా 140/90 గానీ, అంతకు పైన గానీ ఉంటే అది గర్భంతో వచ్చిన బీపీ. దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటున్న గుర్తులున్నా డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే మాట దీనికే వాడతారు. దీని మూలం చాలావరకు మాయలో ఉంటుంది. మాయకు రక్తం తెచ్చే తల్లి రక్తనాళాలు తగినంత వెడల్పు కాకపోతే బిడ్డకు అందేది తగ్గుతుంది, తల్లి ఒంట్లో రక్తనాళాలు కూడా దెబ్బతింటాయి. కోడలు పచ్చడి ఎక్కువ తిన్నందుకో, ఊరికే దిగులు పడినందుకో వచ్చిన జబ్బు కాదు. ఈ మాట కొన్ని ఇళ్ళలో అత్తగారికి విడిగా కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తుంది.

బీపీ పెరిగినా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. మిషన్ పెట్టి చూస్తేనే బయటపడుతుంది. చూసే ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీని బుర్ఖా చేతిమీద కాకుండా ఒంటికి తగిలేలా చుట్టాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షించే ఏర్పాటు 2016 నుంచి ఉంది. ఆ రోజు కూలి పోతుందని మానుకునే వాళ్ళను మేము చూస్తున్నాం.

కాళ్ళ వాపు మామూలు గర్భిణులకూ వస్తుంది. కానీ ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, డొక్కలో కుడివైపు పైన నొప్పి, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకూడదు. పై అంకె 160 లేదా కింది అంకె 110 దాటితే అది అత్యవసరం. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. నోట్లో చెంచా, తాళంచెవి, నీళ్ళు ఏవీ పెట్టకూడదు.

లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భంలో వాడే బీపీ మందులు. ముందునుంచీ బీపీ ఉన్నవాళ్ళు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టన్, లోసార్టన్ వంటివి బిడ్డకు హాని చేస్తాయి కాబట్టి గర్భం నిలిచిందని తెలియగానే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి. సొంతంగా ఆపేయడం కూడా ప్రమాదమే. రంజాన్‌లో ఉపవాసం కోసం మాత్రలు మానేసిన వాళ్ళూ ఉన్నారు. గర్భిణికి తన ఆరోగ్యానికో బిడ్డకో హాని భయం ఉంటే ఉపవాసం తర్వాతకు వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్‌లోనే ఉంది.

మందులు బీపీని అదుపులో ఉంచుతాయే తప్ప జబ్బును తీసేయలేవు. బిడ్డ, మాయ బయటికి వస్తేనే అది తగ్గుముఖం పడుతుంది. అందుకే 37 వారాలు నిండితే డాక్టర్లు ఇక ఆగరు. జబ్బు తీవ్రంగా ఉంటే 34 వారాలకే కాన్పు చేస్తారు. తల్లి ప్రాణం మీదికి వస్తే అంతకన్నా ముందే. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు, ఇంకో నెల ఆగండి" అంటారు పెద్దవాళ్ళు. ఇది పూర్తిగా తప్పు. కడుపులో గడిచిన ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకు బలమే, ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకన్నా అవకాశం ఎక్కువ. కానీ మాయ పాడైపోతుంటే ఆ కడుపులోనే ఉంచడం బిడ్డకూ క్షేమం కాదు.

ముందస్తు కాన్పు తప్పదనుకున్నప్పుడు ఒకటి రెండు రోజుల వ్యవధి దొరికితే చాలా మేలు. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ అనే డాక్టరు గొర్రెలమీద పరిశోధన చేస్తూ, స్టీరాయిడ్ అందిన పిల్లలు నెలలు నిండకుండా పుట్టినా ఊపిరి పీల్చుకోవడం గమనించాడు. 1972లో ఆయన, హోవీ కలిసి గర్భిణుల్లోనూ ఇది పనిచేస్తుందని చూపారు. ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లో డెక్సామెథసోన్ ఇంజెక్షన్ పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు ఇస్తారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. పదివేల మందికి పైగా గర్భిణులతో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గించింది. రెండూ చవక మందులే. కరువయ్యేది సమయం. నవజాత శిశు విభాగం లేని చిన్న నర్సింగ్‌హోంలో ఒక పూట, అక్కడినుంచి ఇంకో చోట మరో పూట గడిచిపోతే ఆ ఇంజెక్షన్లు పనిచేసే వ్యవధి ఉండదు. బిడ్డ కడుపులో ఉండగానే పెద్దాసుపత్రికి చేరడం, పుట్టాక అంబులెన్సులో తీసుకెళ్ళడంకన్నా ఎంతో మేలు.

ఇక దాతల ప్రశ్నకు వద్దాం. 32 వారాలకు పుట్టిన బిడ్డ ఎస్‌ఎన్‌సీయూలో వారాల తరబడి ఉండాల్సి రావచ్చు. వైద్యం ఉచితమే. తల్లిని మాత్రం బీపీ తగ్గగానే డిశ్చార్జి చేస్తారు. ఆమె ఊరికి వెళ్ళిపోతే బిడ్డకు రెండు మూడు గంటలకోసారి పట్టాల్సిన తల్లిపాలు ఎవరు తెస్తారు? బిడ్డను ఛాతీకి ఆనించి వెచ్చగా ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో మొదలైంది. అది తక్కువ బరువు బిడ్డల ప్రాణాలు కాపాడుతుందని తేలింది. దానికి కావలసింది తల్లి ఛాతీయే. ఆమె అక్కడ ఉండాలంటే ఆసుపత్రి దగ్గర గది అద్దె, తోడున్న అమ్మమ్మకు భోజనం, తాపీపనికి వెళ్ళలేని భర్త కూలి, ఇంటిదగ్గర పెద్ద పిల్లల తిండి కావాలి. ఇవి ఏ పథకంలోనూ పూర్తిగా రావు. అవి అందక "మా ఖర్మ" అని సంతకం పెట్టి బిడ్డను ముందే ఇంటికి తీసుకెళ్ళే వాళ్ళున్నారు. మీరిచ్చే సదఖా ఎక్కువగా ఈ ఖర్చులకే పోతోంది. కొంత సొమ్ముతో బీపీ మిషన్లు కొని, వాడటం నేర్చుకున్న సోదరీమణుల దగ్గర ఉంచుతున్నాం.

కాన్పుతో ముప్పు వెంటనే పోదు. ఆ తర్వాతి వారాల్లో కూడా, ముఖ్యంగా మొదటి వారంలో, బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు. మన ఇళ్ళలో చిల్లా నలభై రోజులూ బాలింతను గడప దాటనివ్వరు. అలాంటప్పుడు బీపీ మిషనే ఇంటికి వెళ్ళాలి. తలనొప్పి, చూపు మసక వస్తే మాత్రం చిల్లా అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇలా ఒకసారి వచ్చిన వాళ్ళకు తర్వాతి గర్భంలో మళ్ళీ రావచ్చు. 12 వారాలనుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ఆ ముప్పు తగ్గుతుంది, అయితే అది డాక్టరు రాస్తేనే వాడాలి. అందుకే డిశ్చార్జి కాగితాలను పారేయకుండా నికానామా ఉంచే పెట్టెలోనే ఉంచమని, పుట్టింటికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళమని ప్రతి తల్లికీ చెబుతున్నాం.