మనస్తత్వ శాస్త్ర పరిశోధనా వ్యాసాల అన్వేషణ

మనస్తత్వ శాస్త్ర పరిశోధనా వ్యాసాల అన్వేషణ అనగా ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు సంబంధించి నిపుణులు సమీక్షించి ప్రచురించిన వ్యాసాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయ వనరుల ద్వారా వెతికి, పరిశీలించి, ఎంచుకొనే ప్రక్రియ. పాఠ్యపుస్తకం ఒక విషయం గూర్చి స్థిరపడిన అభిప్రాయాన్ని తెలుపుతుంది. పరిశోధనా వ్యాసం ఆ అభిప్రాయానికి ఆధారమేమిటో, ఎవరిని, ఎంతమందిని, ఏ విధంగా పరిశీలించి ఆ ఫలితాన్ని రాబట్టారో తెలుపుతుంది. ఈ పద్ధతిని వివరించుటకు మెదక్ జిల్లాలోని మండల కేంద్రమైన అల్లాదుర్గ్ ప్రాంతానికి వర్తించే ఒక ప్రశ్న ఇక్కడ ఉదాహరణగా తీసుకొనబడింది: "అప్పుల భారం గల రైతు కుటుంబాలలో మానసిక కుంగుబాటు ఎంతవరకు ఉన్నది?"

చరిత్ర

పరిశోధనా వ్యాసాల సంఖ్య పెరిగిన కొలదీ వాటి సారాంశాలను ఒకచోట చేర్చవలసిన అవసరం ఏర్పడింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1927లో సైకలాజికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ అనే సారాంశ పత్రికను ప్రారంభించింది. విద్యార్థులు గ్రంథాలయంలో దాని సంపుటాలను ఒక్కొక్కటిగా తిరగవేసి తమకు కావలసిన వ్యాసాల వివరాలను కాగితంపై వ్రాసుకొనేవారు. ఈ సారాంశాలే కాలక్రమంలో సైక్‌ఇన్ఫో అనే డేటాబేసుగా రూపొందాయి. ముద్రిత పత్రిక 2006తో నిలిచిపోయింది. వైద్య రంగానికి చెందిన పబ్‌మెడ్ 1996లోను, గూగుల్ స్కాలర్ 2004లోను అందుబాటులోకి వచ్చాయి.

భారతదేశంలో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కంప్యూటర్ల ద్వారా అనుసంధానించుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమాన్ని చేపట్టింది. ఈ సంస్థ కేంద్రం గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్నది.

అందుబాటులో ఉన్న వనరులు

అల్లాదుర్గ్ పరిసరాల విద్యార్థులకు ప్రధానమైన గ్రంథాలయం హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం. ఈ విశ్వవిద్యాలయం 1918లో స్థాపించబడింది. భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి యొక్క దక్షిణ ప్రాంతీయ కేంద్రం కూడా ఇదే ప్రాంగణంలో ఉన్నది. వీటితోపాటు ఈ క్రింది వనరులు ఉపయోగపడతాయి.

* శోధ్‌గంగ: భారతీయ విశ్వవిద్యాలయాలకు సమర్పించిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల భాండాగారం. దీనిని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్నది. ఎవరైనను ఉచితంగా చదువవచ్చును.
* వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్: కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన పథకం. 2025 జనవరి నుండి అమలులోకి వచ్చింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను అందించుట దీని లక్ష్యం. సేజ్, స్ప్రింగర్ నేచర్, వైలీ, ఎల్సెవియర్ వంటి సంస్థలు ఇందులో ఉన్నాయి.
* ఉచిత పత్రికలు: ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ, ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకలాజికల్ మెడిసిన్ మొదలగు వాటిని చందా లేకుండా చదువవచ్చును.

సైక్‌ఇన్ఫో వంటి డేటాబేసులకు చందా అవసరం. తమ విశ్వవిద్యాలయానికి ఏయే చందాలు ఉన్నవో గ్రంథాలయ సిబ్బందిని అడిగి తెలుసుకొనవలెను. విశ్వవిద్యాలయం ఇన్‌ఫెడ్ అనే ప్రవేశ వ్యవస్థలో చేరి ఉన్నచో, విద్యార్థి తన సంస్థ ఇచ్చిన పేరు, సంకేతపదంతో ఇంటి నుండి కూడా ఈ పత్రికలను తెరువవచ్చును. దూరగ్రామాల విద్యార్థులకు ఇది ఎంతో ప్రయోజనకరం.

ముద్రిత గ్రంథాల కొరకు వెతికేవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. డ్యూయీ దశాంశ వర్గీకరణలో మనస్తత్వ శాస్త్రం 150 క్రింద ఉండగా, మానసిక వ్యాధుల గ్రంథాలు 616.89 క్రింద, విద్యా మనస్తత్వ శాస్త్రం 370.15 క్రింద ఉంటాయి. అందువలన కుంగుబాటు గురించిన పుస్తకాలు ఒకే బీరువాలో లభించవు.

ప్రశ్నను పదాలుగా విడదీయుట

పూర్తి వాక్యాన్ని డేటాబేసులో వ్రాసినచో సరియైన ఫలితాలు రావు. ప్రశ్నలోని భావాలను విడదీసి, ఒక్కొక్క భావానికి పరిశోధకులు వాడే ఆంగ్ల పదాలను సేకరించవలెను. పై ఉదాహరణలో మూడు భావాలున్నాయి.

* కుంగుబాటు: డిప్రెషన్, కామన్ మెంటల్ డిజార్డర్స్, సైకలాజికల్ డిస్ట్రెస్
* రైతు: ఫార్మర్, అగ్రికల్చరల్ వర్కర్, రూరల్
* అప్పు: డెట్, ఇన్‌డెటెడ్‌నెస్

ఒకే భావానికి చెందిన పదాల మధ్య "ఆర్" అనియు, వేర్వేరు భావాల మధ్య "అండ్" అనియు ఆంగ్లంలో వ్రాయవలెను. "ఆర్" ఫలితాలను పెంచుతుంది, "అండ్" తగ్గిస్తుంది. రెండు మూడు మాటల పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచినచో ఆ మాటలు అదే వరుసలో ఉన్న వ్యాసాలు మాత్రమే వస్తాయి. సరిపోయిన వ్యాసం ఒక్కటి దొరికిన తరువాత, దానికి డేటాబేసు కేటాయించిన విషయ పదాలను గమనించి మరల వెతుకవలెను. ఆ వ్యాసం చివరనున్న గ్రంథసూచి అంతకు పూర్వపు పరిశోధనలను చూపుతుంది. గూగుల్ స్కాలర్‌లో దానిని ఉదహరించిన వ్యాసాల జాబితా తరువాతి పరిశోధనలను చూపుతుంది.

స్థలనామాలతో వచ్చే చిక్కు

తెలుగు ప్రాంతాల గురించి వెతికేవారు తరచుగా ఇక్కడ పొరబడుతుంటారు. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది. అంతకు పూర్వం మెదక్ గ్రామాలలో జరిగిన పరిశోధనలు ఆంధ్ర ప్రదేశ్ పేరుతోనే నమోదై ఉంటాయి. "తెలంగాణ" అనే ఒక్క పదంతో వెతికినచో అవి కనిపించకపోవచ్చును. ఫలితంగా ఈ ప్రాంతంపై పరిశోధనే జరుగలేదనే తప్పు అభిప్రాయం కలుగుతుంది.

అదే విధంగా 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు నేటి సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాల అధికభాగం మెదక్ జిల్లాలోనే ఉండేది. కావున 2010 నాటి వ్యాసంలోని "మెదక్ జిల్లా" నేటి మెదక్ జిల్లా కాదు. గ్రామనామాలు కూడా పలు విధాలుగా వ్రాయబడతాయి. అల్లాదుర్గ్ అనే పేరు అల్లాదుర్గం అని కూడా కనిపిస్తుంది. ఈ రూపాలన్నింటినీ "ఆర్"తో కలిపి వెతుకవలెను.

వ్యాసాన్ని పరీక్షించుట

దొరికిన ప్రతి వ్యాసమూ ప్రశ్నకు సమాధానం కాదు. మొదటగా పరిశీలనలో పాల్గొన్నవారు ఎవరో చూడవలెను. మనస్తత్వ శాస్త్ర పరిశోధనలు అధికంగా సంపన్న పాశ్చాత్య దేశాల ప్రజలపై, అందునా కళాశాల విద్యార్థులపై జరిగాయని జోసెఫ్ హెన్రిచ్, మరి ఇద్దరు పరిశోధకులు 2010లో ఎత్తిచూపారు. అమెరికా విద్యార్థులలో కనిపించిన ఫలితం అల్లాదుర్గ్ రైతుకు వర్తిస్తుందని ముందుగా అనుకొనరాదు.

భారతదేశపు గణాంకాల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాలలో జరిగింది. వాటిలో తెలంగాణ గాని, ఆంధ్ర ప్రదేశ్ గాని లేవు. దీనికి భిన్నంగా, పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాలలో ఆశా కార్యకర్తలు మొబైల్ పరికరాల సాయంతో కుంగుబాటు, ఆందోళన ఉన్నవారిని గుర్తించిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు వ్యాసాలు తెలుగు గ్రామీణులను నేరుగా పరిశీలించినవి. అయినను అవి మెట్ట సేద్యం చేసే మెదక్ రైతుల గురించినవి కావు.

రెండవదిగా, ఒక్క వ్యాసంపై ఆధారపడరాదు. 2015లో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం 100 మనస్తత్వ శాస్త్ర పరిశోధనలను తిరిగి జరిపి చూడగా, సుమారు 36 శాతం వాటిలో మాత్రమే గణాంకపరంగా చెప్పుకోదగిన ఫలితం మరల వచ్చింది. అందువలన పలు పరిశోధనలను క్రోడీకరించిన సమీక్షా వ్యాసాలను ముందు చదువుట మేలు.

మూడవదిగా, పత్రిక విశ్వసనీయతను చూడవలెను. డబ్బు తీసుకొని సమీక్ష లేకుండా ప్రచురించే పత్రికలు అనేకం ఉన్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిర్వహించిన యూజీసీ-కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో నిలిపివేయబడింది. కనుక సంపాదక వర్గం, సమీక్షా విధానం, పత్రికను చేర్చుకొన్న డేటాబేసులు మొదలగు వాటిని పాఠకులే పరిశీలించుకొనవలసి ఉన్నది.

ప్రాముఖ్యత

కుంగుబాటు వంటి విషయాలలో పరిశోధనా వ్యాసాలు తరగతి గదికే పరిమితం కావు. సలహాదారులు, ఆరోగ్య కార్యకర్తలు, ప్రభుత్వ పథకాలు రూపొందించేవారు వాటిపై ఆధారపడతారు. తమ ప్రాంతంపై జరిగిన పరిశోధనలను సరియైన పదాలతో వెతికి తీసినప్పుడే, ఏది తెలిసినదో, ఏది ఇంకను పరిశోధించవలసి ఉన్నదో స్పష్టమవుతుంది. అన్ని విధాల వెతికిన పిమ్మట కూడా వ్యాసం లభించనిచో, ఆ లోటే నూతన పరిశోధనకు తగిన అంశం కాగలదు.